బడి రిజిస్టరులో ఎర్ర సిరా

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు జ్ఞాపకం వస్తుంది. దాని గురించి ఏటా ఈ వేదిక మీద పెద్దలు చెబుతూనే ఉన్నారు గనుక ఈసారి నన్ను వదిలేయమని కార్యదర్శి గారితో అన్నాను. "అయితే మాస్టారూ, బడుల్లో కంప్యూటరు లెక్కల గురించి చెప్పండి. మనవల బడి పనులకు తిరుగుతున్నది మనమే కదా" అన్నారు. నిజమే. కొడుకులూ కోడళ్లూ హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటే, మనవడి ఆధారు కాగితం పట్టుకుని సచివాలయానికీ బడికీ మధ్య నడిచేది తాతగారే. అందుచేత ఒప్పుకున్నాను. నేను కంప్యూటరు చదివినవాణ్ని కాను. ముప్పై ఆరేళ్లు బడి రిజిస్టర్లు రాసినవాణ్ని. ఆ హోదాలోనే మాట్లాడతాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

1988 నుంచి 1997 దాకా నేను కాట్రేనికోన అవతల ఒక ఊళ్లో హెడ్మాస్టరుగా పనిచేశాను. ఊరి పేరెందుకు లెండి. 1991 జూన్ లో ఒక తల్లి కూతుర్ని బడిలో వేయడానికి తీసుకొచ్చింది. పుట్టిన తేదీ అడిగితే "పెద్ద వరద తీసిన పదో రోజండి" అంది. అంటే 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పైగా దాటిన వరద అది, ఇక్కడ ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. లెక్క చూస్తే పిల్లకు అయిదేళ్లు నిండలేదు. మళ్లీ ఏడాది రమ్మంటే ఆ పిల్ల ఇక బడికి రాదని నాకు తెలుసు. రొయ్య పిల్లలు ఏరే పనికి పోతుంది. అందుకని 1–6–1986 అని వేశాను. మీలో బడిపంతుళ్లుగా చేసినవారు నవ్వుతున్నారు. మన తరం వాళ్లలో సగం మంది జూన్ లోనో జూలైలోనో ఒకటో తేదీన పుట్టినవాళ్లమే కదా.

తేదీతో ఆగానా అంటే లేదు. పేరు అడిగాను. గ్రామదేవత పేరు చెప్పింది. అప్పట్లో నాకు భాషాభిమానం కాస్త ఎక్కువ. చివర ఉన్న "అమ్మ" తీసేసి "వతి" తగిలించి రాశాను. తల్లి చదువుకున్నది కాదు. "మాస్టారు ఏం రాస్తే అదేనండి, ఆయ్" అంది. పిల్ల పదో తరగతి దాకా ఆ పేరుతోనే చదువుకుంది. ఊళ్లో మాత్రం పాత పేరే.

ఇక్కడ 1996 నవంబరు 6 గురించి చెప్పాలి. ఆ రాత్రి తుపాను మన మధ్య డెల్టాను ఎలా దులిపేసిందో మీకు తెలుసు. మా బడి పెంకులన్నీ లేచిపోయాయి. రికార్డులు పెట్టిన ట్రంకు పెట్టెలోకి నీళ్లు దిగాయి. పడిపోయిన కొబ్బరి చెట్ల మీదుగా ఎక్కి దిగి మూడో రోజుకు బడి చేరగలిగాను. అడ్మిషను రిజిస్టరు తెరిస్తే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నేనూ, మా అసిస్టెంటు గారూ వాటిని ఒక్కొక్కటే విడదీసి, మిగిలిన వరండా గట్టు మీద ఎండలో పరిచి, ఎగిరిపోకుండా పెంకు ముక్కలు పెట్టాం. నీలి సిరా చాలాచోట్ల అలుక్కుపోయింది. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి. చదవలేనివి పిల్లల్ని, పెద్దవాళ్లని అడిగి మళ్లీ రాసి, పక్కన ఎర్ర సిరాతో పొట్టి సంతకం చేశాను. బడి మళ్లీ మొదలయ్యాక హాజరు పిలుస్తుంటే కొన్ని పేర్ల దగ్గర ఆగిపోవలసి వచ్చింది. ఆ సంగతి ఇంతకన్నా చెప్పలేను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కంప్యూటరు వచ్చి బడిని పాడుచేసిందనే మాట మన సభల్లో తరచు వింటున్నాను. నేనలా అనను. తడిసిన రిజిస్టరు ఆరబెట్టినవాడికి, లెక్క ఇంకో చోట కూడా భద్రంగా ఉండడం ఎంత గొప్ప సంగతో తెలుస్తుంది. మన రోజుల్లో పిల్లవాడి టి.సి. పోతే పాత బడికి వెళ్లాలి. పాత బడి గోదావరి అవతల ఉంటే ముక్తేశ్వరం రేవులోనో సఖినేటిపల్లి రేవులోనో పంటు కోసం కూర్చోవాలి. పదో తరగతి ఫలితాలు పేపరులో వచ్చే రోజున బస్సు ఎప్పుడొస్తుందా అని స్టాండులో నిలబడేవాళ్లం. ఇవాళ పరీక్ష హాల్ టిక్కెట్లు వాట్సాప్ లోకే వస్తున్నాయి. దీన్ని కాదనేవాడు మూర్ఖుడు.

మరి చిక్కెక్కడ? అది చెప్పడానికి మళ్లీ ఆ పిల్ల దగ్గరికే వస్తాను.

2020 జనవరిలో అమ్మ ఒడి పథకం మొదలైంది. బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి పదిహేను వేలు. ఫిబ్రవరిలో ఒక ఉదయం మా గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. "మాస్టారండీ, గుర్తుపట్టేరా? మీరు పెట్టిన పేరేనండి ఇప్పుడు నన్ను ఇబ్బంది పెడతంది" అంది. విషయమేమిటంటే, కొడుకు జనన ధ్రువపత్రంలో తల్లి పేరు నేను పెట్టిన బడి పేరు. అదే బడిలో ఎక్కింది. ఆధారులోనూ బ్యాంకు పుస్తకంలోనూ మాత్రం పాత రేషను కార్డు చూసి ఎక్కించిన ఇంటి పేరు, అంటే గ్రామదేవత పేరు. పుట్టిన తేదీ కూడా ఆధారు తీసినవాడు తోచినట్టు జనవరి 1 వేశాడు. ముప్పై ఏళ్లు ఊళ్లో రెండు పేర్లతో హాయిగా బతికిన మనిషి కంప్యూటరు లెక్కలో ఇద్దరైపోయింది. ఇద్దరిలో ఏ ఒక్కరికీ డబ్బు పడలేదు.

నేను ఆవిడ వెంట బడికి వెళ్లాను. ఇప్పటి హెడ్మాస్టరు గారు చాలా మర్యాదస్తులు. బీరువాలోంచి పాత రిజిస్టరు తీశారు. నీటి మరకల పేజీలో నా చేతిరాత, పక్కన నా ఎర్ర సిరా సంతకం. చూస్తే సిగ్గూ వేసింది, కొంచెం గర్వమూ వేసింది. ఇద్దరూ ఒకరేనని ఆయనకు అక్కడే నమ్మకం కుదిరింది. కాని ఆయన చేయగలిగింది లేదు. "ఎక్కించడం మా లాగిన్ లో ఉందండి. దిద్దడం మా లాగిన్ లో లేదు" అన్నారు. ఒక ఆఫీసుకు వెళితే ఇంకో ఆఫీసుకు వెళ్లమన్నారు. అక్కడ ముందు ఆధారు మార్చుకు రమ్మన్నారు. ఆధారు కేంద్రంలో గెజిటెడ్ ఆఫీసరు సంతకంతో ఫారం తెమ్మన్నారు. ఇంతలో మార్చి వచ్చింది, కరోనా వచ్చింది, అన్నీ మూసేశారు. మొత్తం మీద పేరు సరిపడేసరికి ఆ సంవత్సరం కాస్తా గడిచిపోయింది. మరుసటి విడత 2021 జనవరిలో డబ్బు పడింది. మొదటి విడత మాత్రం ఆ ఇంటికి దక్కలేదు. కౌలుకు వరి చేసే కుటుంబానికి అదెంత మొత్తమో నేను వేరే చెప్పాలా?

తప్పు మొదట చేసింది నేను. కంప్యూటరు కాదు. కాని నా తప్పు నా చేతిలో ఉన్నన్నాళ్లు ఒక గీత కొట్టి, ఎర్ర సిరాతో దిద్ది, సంతకం చేస్తే సరిపోయేది. కొట్టిన అక్షరం కింద కనబడుతూనే ఉండేది, ఎవరు దిద్దారో తెలిసేది. అదే తప్పు తెర మీదికి ఎక్కాక ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది.

ఇలా ఎందుకైందని చాలాకాలం ఆలోచించాను. జవాబు అనుకోని చోట దొరికింది.

మా అన్నయ్య గారి మనవడు ఎస్తోనియా దేశంలో టాలిన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఎస్తోనియా ఒకప్పుడు సోవియట్ యూనియన్ లో భాగం. 1991 ఆగస్టులో స్వతంత్రమైంది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చౌకగా దొరికే సోవియట్ పుస్తకాలు చదివిన తరం మనది కాబట్టి ఆ ప్రాంతాల పేర్లు మనకు బొత్తిగా కొత్త కావు. ఆ దేశం జనాభా పదమూడు లక్షల పైచిలుకు. మన కోనసీమ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం పదిహేడు లక్షలు దాటింది. అంటే దేశం మొత్తం కలిపినా మన జిల్లాకు చాలదు. సోవియట్ పాలన పోయిన కొత్తలో వాళ్లకు డబ్బు లేదు, పాత పరిశ్రమలు మూతబడుతున్నాయి. ఆ స్థితిలో 1996లో అధ్యక్షుడు లెన్నార్ట్ మేరీ "పులి దూకుడు" అనే పథకం ప్రకటించాడు. బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్, టీచర్లకు శిక్షణ. ప్రభుత్వం కొంత, స్థానిక సంస్థలు కొంత వేసుకున్నాయి. 2001 నాటికి బడులన్నిటికీ ఇంటర్నెట్ వచ్చింది. 2002లో "ఈ-కూల్" అనే ఏర్పాటు వచ్చింది. కూల్ అంటే వాళ్ల భాషలో బడి. మనం తుపాను నీళ్లలోంచి రిజిస్టర్లు తీసి ఆరబెట్టుకున్న సంవత్సరమే వాళ్లు ఆ పనికి దిగారు.

పిల్లవాడు వీడియో కాల్ లో తన కూతురి బడి లెక్క తెరిచి చూపించాడు. ఆ రోజు హాజరు, ఇచ్చిన ఇంటిపని, వచ్చిన మార్కులు, టీచరు రాసిన రెండు ముక్కలు ఉన్నాయి. తల్లీ తండ్రీ చూడవచ్చు, పిల్లా చూడవచ్చు. పిల్లకు జ్వరమొస్తే తండ్రి అందులోనే సెలవు చీటీ రాస్తాడట. నేను అడిగిన మొదటి ప్రశ్న, "మీ కలెక్టరు గారికి ఏం కనబడుతుందిరా?" అని. వాడు నవ్వాడు. "తాతయ్యా, ఇది ముందు మా కోసం" అన్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. సోవియట్ బడుల్లో ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక డైరీ పుస్తకం ఉండేది. టీచరు అందులో మార్కు వేసేది, తల్లిదండ్రులు వారం వారం సంతకం పెట్టేవారు. ఎస్తోనియా వాళ్లు కంప్యూటరు తెచ్చినప్పుడు ఇంటికి వెళ్లే ఆ పుస్తకాన్నే తెర మీద పెట్టారు. మనం తెర మీద పెట్టింది వేరే. మనకు ముందునుంచీ ఉన్నది పైకి వెళ్లే కాగితం. నెలాఖరుకు ప్రొఫార్మాలు నింపి, ముమ్మిడివరం సమితి ఆఫీసుకు సైకిలు మీద పట్టుకెళ్లి, గుమాస్తా గారి చేతిలో పెట్టి, "కాలం 14లో టోటలు తప్పు" అనిపించుకుని రావడం మనకు అలవాటు. సెప్టెంబరు 30 నాటి పిల్లల లెక్క కోసం రాత్రిళ్లు కూర్చున్న రోజులు మరిచిపోగలమా! ఆ ప్రొఫార్మాయే కంప్యూటరయింది. అందుకే అది పైకి మాత్రమే చూస్తుంది.

దాని చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 1990 దశకంలో జిల్లా ప్రాథమిక విద్యా పథకంతో పాటు బడుల లెక్కలు కంప్యూటరుకెక్కించడం మొదలైంది. 2012–13 నుంచి ప్రాథమిక, ఉన్నత పాఠశాలలన్నిటికీ కలిపి యు-డైస్ అన్నారు. ప్రతి బడికీ పదకొండు అంకెల నంబరు. మొదటి రెండు అంకెలు 28 అయితే మన రాష్ట్రం. 2018–19 నుంచి అది ఆన్ లైన్ అయింది. 2022–23 నుంచి బడి మొత్తం లెక్క కాకుండా ఒక్కొక్క పిల్లవాడి లెక్క విడిగా ఎక్కుతున్నది. ఇది పెద్ద మార్పు. బడి లెక్కలో ఒకటి తప్పితే ఎవరికీ ఆకలి వేయదు. పిల్లవాడి లెక్కలో ఒక అక్షరం తప్పితే ఆ ఇంటికి తగులుతుంది.

ఇది గాక రాష్ట్రం యాప్ లు వేరే. మధ్యాహ్న భోజనం ఎంతమంది తిన్నారు, గుడ్లు ఎన్ని, మరుగుదొడ్లు కడిగారా, టీచరు వచ్చాడా లేదా. 2022 ఆగస్టులో టీచర్ల హాజరుకు ముఖం చూపించే పద్ధతి పెట్టినప్పుడు, సొంత ఫోనులో ఎందుకు వేసుకోవాలని వాళ్లు గొడవ చేశారు. మరుగుదొడ్డి ఫొటోలు తీసి పంపే పని కూడా పంతులు గారిదే అయింది. దాన్ని 2024లో ఎత్తివేశారు, సంతోషం. 2025లో విడివిడి యాప్ లను కలిపి లీప్ అని ఒకటి చేశారు. అదీ మంచి పనే. మధ్యాహ్న భోజనానికి 2024లో మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆ మహాతల్లి ఏ పూట ఎంతమందికి వడ్డించిందో ఎవరూ లెక్క రాయలేదు. ఇవాళ ఆవిడ పేరు మీది అన్నానికి రోజూ లెక్క ఎక్కించాలి. ప్రజల సొమ్ము గనుక లెక్క ఉండవలసిందే. అయినా వంటావిడ గరిట పట్టుకుని నిలబడి ఉంటే పంతులు గారు సిగ్నలు కోసం బడి వెనక కొబ్బరి తోటలోకి వెళ్లడం చూసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు.

సిగ్నలు మాట వచ్చింది గనుక ఒక సంగతి. 2022 మే నెలలో అమలాపురం గొడవల తరువాత జిల్లాలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. వేసవి సెలవులు కాబట్టి బడులకు తెలియలేదు. అదే బడి నడిచే రోజుల్లో జరిగితే తెర లేని రోజున ఏ కాగితం మీద రాయాలో ఈ తరం టీచర్లకు ఎవరైనా చెప్పారా? పాత రిజిస్టర్లు తీసేయకండని నేను కనబడ్డ హెడ్మాస్టరుకల్లా చెబుతూ వస్తున్నాను.

ఎస్తోనియా వాళ్ల పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. ప్రభుత్వం దగ్గర ఒకసారి ఉన్న వివరాన్ని ఇంకో ఆఫీసు మళ్లీ మనిషిని అడగకూడదని వాళ్ల నియమం. ఆఫీసులు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకోవాలి. మనకు పిల్లవాడు అంగన్ వాడీలో ఒకసారి, బడిలో ఒకసారి, పథకానికి ఒకసారి, అపార్ నంబరుకు ఒకసారి వివరాలిస్తాడు. ప్రతి చోటా ఎక్కించేవాడు వేరు. తెలుగు పేరును ఇంగ్లీషులో ఒకడు ఒక "ఏ" వేస్తాడు, ఇంకొకడు రెండు వేస్తాడు. 2024 చివర్లో అపార్ నంబర్ల పని వచ్చినప్పుడు ఆధారులో తేదీ, బడిలో తేదీ కలవక ఎంతమంది తల్లిదండ్రులు కేంద్రాల చుట్టూ తిరిగారో మీరంతా చూశారు. మనమూ అనుభవిస్తున్నదే. బతికే ఉన్నామని ఏటా చెప్పుకోవాలి, సరే. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లం మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టి తుడుచుకుని మళ్లీ పెట్టామో! 2021 నవంబరులో ముఖం చూపిస్తే చాలనే పద్ధతి వచ్చాక ఊపిరి పీల్చుకున్నాం. దిద్దుకునే దారి ఒకటి ఉంటే ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

అక్కడ అంతా స్వర్గమని నేననడం లేదు. రష్యాలో కంప్యూటరు డైరీలు వచ్చిన కొత్తలో టీచర్లు కాగితం మీదా, తెర మీదా రెండుసార్లు రాయవలసి వచ్చిందని గోల పెట్టారు. చిన్న దేశం గనుక ఎస్తోనియాకు వీలైందని కొందరంటారు. అందులో నిజముంది. కాని జిల్లాకు చాలని దేశం చేసిన పనిని ఒక జిల్లా చేయలేదా అని నా ప్రశ్న. కనీసం రెండు పనులు. పిల్లవాడి గురించి ఏం ఎక్కిందో తల్లికి కాగితం మీద తెలుగులో ఇవ్వాలి. తప్పుంటే హెడ్మాస్టరే రిజిస్టరు చూసి దిద్దాలి, దిద్దినవారి పేరూ తేదీ కింద కనబడాలి. ఎర్ర సిరాతో మనం చేసింది అదే. మోసం జరుగుతుందని అధికారులంటారు. నేను చేసినట్టు జరుగుతుంది. అందుకే సంతకం కనబడాలంటున్నాను. ఈ రెండు అంశాలతో ఒక మహజరు తయారుచేశాను. సభ అయ్యాక సంతకాలు చేయవలసిందిగా మనవి.

మహజరు సంగతి ఎలా ఉన్నా మన ఇళ్లలో పని మనం చేసుకోవచ్చు. మనవడి జనన ధ్రువపత్రం, ఆధారు, బడి లెక్క మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తల్లి పేరు కూడా చూడండి, అక్కడే ఎక్కువ తప్పులున్నాయి. తేడా ఉంటే పదో తరగతి పరీక్షకు పేరు కట్టకముందే దిద్దించండి, తరువాత చాలా కష్టం. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకీ చోటుకీ జనన ధ్రువపత్రమే ప్రమాణమని చట్టం మారింది. కాబట్టి ఆ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు ఆసుపత్రిలో చెప్పేటప్పుడే జాగ్రత్త పడాలి. బాలింత పక్కన కూర్చున్న అమ్మమ్మలే ఆ పేర్లు చెబుతారు గనుక ప్రత్యేకంగా సోదరీమణులకు మనవి చేస్తున్నాను.

మన సంఘం ఆఫీసులో ఆదివారాలు ఉదయం పది నుంచి పన్నెండు దాకా నేనూ, ఇంకో ఇద్దరు రిటైర్డు హెడ్మాస్టర్లూ, ట్రెజరీలో చేసిన ఒకాయనా కూర్చోవడానికి ఒప్పుకున్నాం. మెంబర్లే కానక్కరలేదు, మీ వీధిలో ఎవరికి కావలసినా పంపండి. అసలు కాగితాలు ఇంట్లో ఉంచి జిరాక్సులు పట్టుకురండి. ఫారాలు మేం నింపిపెడతాం. చదవడానికి కళ్లజోడు మరిచిపోకండి, పోయిన వారం ముగ్గురం ఒక్క జోడుతో పని నడిపించాం.